ఆస్టరిస్క్‌లో ల్యాండ్‌లైన్ కార్డు లైన్ వదలకపోతే ఎలా సరిచేయాలి?

అవతలి మనిషి ఫోన్ పెట్టేసి పావుగంటయినా మీ ఆస్టరిస్క్ (కంప్యూటర్‌ని ఆఫీసు ఫోన్ ఎక్స్చేంజ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) ఇంకా లైన్ పట్టుకునే కూర్చుందా? ఎవరూ మాట్లాడకపోయినా మధ్యాహ్నానికల్లా నాలుగు లైన్లూ బిజీ అయిపోతున్నాయా? ఇలాంటి చోటికి నన్ను పిలిచేసరికే ఎవరో ఒకరు సర్వర్ ఫార్మాట్ కొట్టి, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. తేడా కార్డు సెట్టింగుల్లో ఉంటే, కొత్త ఇన్‌స్టాలేషన్‌లోనూ అవే డిఫాల్టులు వచ్చి కూర్చుంటాయి. ఏ కాల్ ఎటు వెళ్లాలో చెప్పే డయల్‌ప్లాన్ జోలికీ వెళ్లకండి. కింద నుంచి పైకి రావాలి: ముందు వైరు, తర్వాత కార్డు, తర్వాత డ్రైవరు, చివరికి ఆస్టరిస్క్.

నేను చెప్పేది టీడీఎం400పీ తరహా నాలుగు పోర్టుల ఎనలాగ్ కార్డు గురించి. కావాల్సినవి: మామూలు ఫోన్ సెట్టు, డిజిటల్ మల్టీమీటర్, స్క్రూడ్రైవర్.

వైరు, కార్డు

లైన్‌ను కార్డు నుంచి పీకి మామూలు ఫోన్‌కి పెట్టి వినండి. గరగర ఉంటే ముందు లైన్‌మన్‌ని పిలవండి. సర్వర్ ఆపి కార్డు ఊడదీసి, స్లాట్ తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. స్లాట్‌కీ కార్డుకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ రైజర్లు వాడొద్దు. కార్డు మీద గుచ్చి ఉండే చిన్న బోర్డులే మాడ్యూళ్లు. ఎర్ర మాడ్యూల్ ఎఫ్ఎక్స్ఓ, బయటి లైన్ దానికే పెట్టాలి. ఆకుపచ్చది ఎఫ్ఎక్స్ఎస్, అది ఫోన్ సెట్టుకి. బయటి లైన్ తీసుకెళ్లి ఆకుపచ్చ దాంట్లో పెడితే, రింగ్ రాగానే మాడ్యూల్ కాలిపోవచ్చు. ఆకుపచ్చ మాడ్యూళ్లు ఉంటే కార్డుకి విడిగా పవర్ కనెక్టర్ కూడా ఇవ్వాలి.

డ్రైవరు

కార్డుని ఆస్టరిస్క్‌తో కలిపే డ్రైవరు పేరు డాహ్డీ. 2008 దాకా దాన్నే జాప్‌టెల్ అనేవారు, అందుకే ఆ పేరుతో ఉన్న పాత సూచనల్లో ఫైళ్ల పేర్లు మీ సర్వర్‌లో కనిపించవు. డాహ్డీ సిస్టమ్ ఫైల్‌లో జోన్ (ఏ దేశపు టోన్లో చెప్పేది) 'ఇన్' అని ఉండాలి, అంటే ఇండియా. చాలా సర్వర్లలో అది 'యూఎస్' గానే ఉండిపోతుంది. ఎఫ్ఎక్స్ఓ పోర్టుకి సిగ్నలింగ్ మాత్రం ఎఫ్ఎక్స్ఎస్ కేఎస్ అని రాయాలి. తిరగేసి ఉన్నట్టు కనిపించినా అదే సరైనది, తప్పనుకుని దిద్దకండి. ఎకో కాన్సెలర్‌గా ఆస్లెక్ పెట్టండి. డేవిడ్ రో రాసిన ఈ ఆస్లెక్ దొరుకుతుండగా ఎంజీ2 అనే ఇంకో ఎకో కాన్సెలర్ దేనికి?

డ్రైవరు లోడయ్యేటప్పుడు ఆపర్‌మోడ్ (కార్డుని ఏ దేశపు లైన్‌కి సరిపెట్టాలో చెప్పే సెట్టింగు) 'ఇండియా' అని ఇవ్వండి. తర్వాత ఆస్టరిస్క్‌ను ఆపేసి, కార్డుని మీ లైన్‌కి తగ్గట్టు సర్దే ఎఫ్ఎక్స్ఓ ట్యూన్ నడపండి. కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపొద్దు. ఈ రెండూ వదిలేసి గెయిన్ (శబ్దం స్థాయి) పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. దాంతో ఎకో పెరుగుతుంది, కార్డుకి టోన్లు కూడా సరిగా వినబడవు. అప్పుడు కింద చెప్పేది ఎంత జాగ్రత్తగా చేసినా పనిచేయదు.

అసలు చిక్కు: ఫోన్ పెట్టేశారని కార్డుకి ఎలా తెలుస్తుంది?

ఎనలాగ్ లైన్లో అవతలివాళ్లు పెట్టేశారన్న కబురు మూడు రకాలుగా రావచ్చు: లైన్ వోల్టేజీ క్షణం పాటు పడిపోవడం, ధ్రువాలు తారుమారు కావడం, బిజీ టోన్ వినిపించడం. మీ లైన్లో ఏది వస్తుందో చూడకుండా మూడూ ఆన్ చేసేస్తే కాల్ మాట్లాడుతుండగానే తెగిపోతుంది. మొదటి రకాన్ని పైన రాసిన కేఎస్ సిగ్నలింగ్ తనంతట తానే పట్టుకుంటుంది. తెలుసుకోవాల్సింది మిగతా రెండింటి సంగతి.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో 200 మీద పెట్టి రోజెట్ (గోడ మీద ఫోన్ లైన్ వచ్చే డబ్బా)లోని రెండు స్క్రూలకి తగిలించండి. ఆ సమయంలో రింగ్ వస్తే 75 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది, వట్టి వైరు ముట్టుకోవద్దు. ఫోన్ పెట్టి ఉన్నప్పుడు దాదాపు 48 చూపిస్తుంది. మామూలు ఫోన్‌తో మీ సెల్‌కి కాల్ చేయండి. రిసీవర్ ఎత్తగానే అంకె పదికి అటూఇటూగా పడిపోతుంది. ఇప్పుడు అంకెను వదిలేసి దాని ముందున్న గుర్తునే చూడండి. సెల్ ఎత్తిన క్షణంలో మైనస్ వచ్చి (లేదా ఉన్నది పోయి), సెల్ కట్ చేయగానే మళ్లీ మొదటికి వస్తే మీ లైన్‌కి రివర్సల్, అంటే ధ్రువాలు తారుమారు కావడం, ఉన్నట్టు. ఎస్టీడీ బూత్‌ల రోజుల్లో కాల్ ఎత్తిన క్షణం బిల్లింగ్ మెషిన్‌కి తెలియడానికి ఈ రివర్సలే ఆధారం. రివర్సల్ ఉంటే ఆస్టరిస్క్ సెట్టింగుల్లోని చాన్ డాహ్డీ ఫైల్‌లో ఆన్సర్‌ఆన్‌పొలారిటీస్విచ్, హ్యాంగప్‌ఆన్‌పొలారిటీస్విచ్ రెండూ 'ఎస్' చేయండి. లేకపోతే ముట్టుకోకండి, ఎక్స్చేంజ్‌లో రాతపూర్వకంగా అడగండి.

అయితే రివర్సల్ సాధారణంగా మీరు చేసే కాల్స్‌కే వస్తుంది. బయటి నుంచి వచ్చిన కాల్‌ని చేసినవాళ్లే కట్ చేస్తే మీకు అందేది టోన్ ఒక్కటే. అందుకే రెండు వైపులా పరీక్షించాలి.

టోన్‌ని ఊహించి రాయకండి, రికార్డు చేయండి. సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి చేసి, కాల్ ఎత్తాక సెల్ కట్ చేసి, డాహ్డీతో వచ్చే డాహ్డీ మానిటర్‌తో ఆ చానల్‌ని (కార్డులో ఆ లైన్ ఉన్న పోర్టుని) అరనిమిషం రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే దిమ్మల్లా టోన్ ముక్కలు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఒక ముక్కనీ ఒక ఖాళీనీ మిల్లీసెకన్లలో కొలవండి. ఇండియా జోన్ లెక్క ప్రకారం బిజీ టోన్ 400 హెర్ట్జ్, 750 మోత, 750 ఖాళీ. కంజెషన్ టోన్ (లైన్లు ఖాళీ లేవని చెప్పేది) మాత్రం 250, 250. మీ ఎక్స్చేంజ్ కాల్ తెగాక రెండోది వినిపిస్తుంటే, మీరు 750 రాసి ఎన్నాళ్లు ఎదురుచూసినా లైన్ వదలదు. బిజీడిటెక్ట్ 'ఎస్' చేసి, బిజీప్యాటర్న్‌లో మీరు కొలిచిందే రాయండి.

ఇక బిజీకౌంట్, అంటే టోన్ ఎన్ని విడతలు విన్నాక లైన్ వదలాలో చెప్పేది. తక్కువ పెడితే లైన్ త్వరగా వదులుతుంది కానీ, హోల్డ్ మ్యూజిక్‌నో మాటనో బిజీ టోన్ అనుకుని మధ్యలో కోసేస్తుంది. ఆరు పెట్టండి. 750 టోన్ అయితే ఒక్కో విడత సెకనున్నర, అంటే తొమ్మిది సెకన్లలో లైన్ వదులుతుంది. ఆ తొమ్మిది సెకన్లకి ఎవరికీ నష్టం లేదు, కస్టమర్‌తో మాట్లాడుతుండగా కాల్ తెగితే మాత్రం ఉంది. ప్యాటర్న్ రాశాక కూడా మాటల మధ్యలో తెగుతుంటే ఎనిమిది చేయండి. టోన్లు విని కాల్ ఏ దశలో ఉందో ఊహించే కాల్‌ప్రోగ్రెస్ ఎప్పుడూ 'నో' గానే ఉండాలి. దాన్ని ఆన్ చేయమని చెప్పేవాళ్ల మాట వినకండి.

కాలర్ ఐడీ రాకపోతే, మన లైన్లలో అది డీటీఎంఎఫ్‌గా (ఫోన్ మీటలు నొక్కితే వచ్చే టోన్లుగా) వస్తుంది కాబట్టి సీఐడీసిగ్నలింగ్ డీటీఎంఎఫ్, సీఐడీస్టార్ట్ పొలారిటీ ఇన్ అని పెట్టండి.

మార్పులన్నీ అయ్యాక రీలోడ్‌తో సరిపెట్టకుండా ఆస్టరిస్క్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేయండి. ప్రతి లైన్ మీదా లోపలికి ఒకటి, బయటికి ఒకటి కాల్ చేసి సెల్ వైపు నుంచే కట్ చేయండి. కన్సోల్‌లో చానల్ జాబితా చూస్తూ ఉండండి. పది సెకన్లు (బిజీకౌంట్ ఎనిమిదైతే పదమూడు) దాటినా చానల్ అక్కడే ఉంటే ఆ లైన్ టోన్‌ని విడిగా రికార్డు చేసి కొలవండి. నాలుగు లైన్లూ ఒకే ఎక్స్చేంజ్‌వి కాకపోవచ్చు. చివరగా ఒక కాల్‌ని హోల్డ్ మ్యూజిక్ మీద పావుగంట వదిలేయండి. అది తెగకుండా నిలబడ్డాకే కార్డుని ఆఫీసువాళ్లకి అప్పగించండి.