ఫోటోగ్రఫీ నేర్చుకుందాం – 5: తెల్ల పంచె లెక్క

పోయిన పాఠంలో షట్టర్ వేగం (వెలుగు లోపలికి పడే సమయం), అపెర్చర్ (లెన్సు రంధ్రం వెడల్పు) ఒకదానితో ఒకటి ఎలా సర్దుకుంటాయో చూశాం. ఇంటిపని చేసినవారి దగ్గర ఈపాటికి ఇరవై ముప్పై ఫోటోలు పోగై ఉంటాయి. బాగా రాలేదని తుడిచేయకండి, చివర వాటితో పనుంది.

ఈసారి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకు ఎంత వెలుగు ఇవ్వాలన్న లెక్క. నేను ఫిల్మ్ రోజుల్లో పని నేర్చుకున్నవాణ్ని. స్టూడియోలో నాకు మొదట ఒంటబట్టిన సూత్రం, అనుమానంగా ఉంటే వెలుగు కాస్త ఎక్కువే ఇమ్మని. నెగెటివ్ ఫిల్మ్‌కు అంత ఓర్పు ఉండేది. ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువైతే నెగెటివ్ దట్టంగా వచ్చేది, అంతే. డార్క్‌రూమ్‌లో కాగితానికి ఇంకొన్ని సెకన్లు వెలుగు చూపిస్తే తెల్ల బట్టలోని మడతలూ తేలేవి. తక్కువైతేనే చిక్కు. నీడల్లో ఫిల్మ్ మీద పడనిదాన్ని ఏ ల్యాబ్ వాడూ తెచ్చిపెట్టలేడు.

ఆ అలవాటుతోనే కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా పట్టుకుని ఒక పెళ్లికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ముహూర్తం. పెళ్లిపీటల మీదికి షామియానా సందులోంచి ఎండ పడుతోంది. వెలుగును కొలిచే కెమెరా మీటరు నీడలో ఉన్న బంధువులను బట్టి లెక్కగట్టింది, దానిపైన నేను మరో స్టాపు కలిపాను. రాత్రి కంప్యూటర్‌లో చూస్తే పెళ్లికొడుకు పంచె మీద నేత లేదు, మడత లేదు. సున్నం కొట్టిన గోడలా ఉంది. వెలుగు తగ్గించి చూశాను. తెలుపు బూడిద రంగుకు మారింది కానీ మడతలు రాలేదు. పెళ్లివారు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఎందుకలా జరిగింది? సెన్సర్ (ఫిల్మ్ స్థానంలో ఉండే చిప్పు) మీది ఒక్కో పిక్సెల్‌ను ఒక్కో చెంబు అనుకోండి. కాంతి పడేకొద్దీ అందులో విద్యుదావేశం పోగవుతుంది. నిండాక ఎంత పడినా లెక్కలోకి రాదు. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు మెట్లుంటాయి. ఎండ పడ్డ పంచెలో ఈ పిక్సెలూ 255, పక్కదీ 255. మడత కనిపించడమంటే వెలుగులో తేడా కనిపించడమే. తేడా పోయాక ఇక మడత ఎక్కడిది? సెన్సర్ పట్టినదాన్ని కుదించకుండా దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి కనుక కొంత వెసులుబాటు దొరుకుతుంది. చెంబే నిండిపోతే అదీ చేతులెత్తేస్తుంది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఇలాంటి చెంబులు 10,000. మీ ఫోనులో కోట్లలో ఉంటాయి. నిండితే పొర్లిపోయే గుణం మాత్రం అదే.

అంటే సూత్రం తిరగబడింది. ఇప్పుడు కాపాడుకోవలసింది తెలుపును. నీడలను తర్వాత పైకి లాగవచ్చు. కాస్త గరుకుగా నలుసులు కనిపిస్తాయి కానీ వివరం ఉంటుంది. (స్లైడ్ ఫిల్మ్ వాడిన పెద్దలు నవ్వుకుంటారు. దానికి వెలుగు ఎక్కువైతే తెలుపు పోయేది. వారికి ఇది ఎప్పటినుంచో తెలిసిన భయమే.)

ఫిల్మ్ రోజుల్లో తప్పు బయటపడాలంటే 36 ఫోటోలు పూర్తయి, రోల్ కడిగించాలి. ఇప్పుడు కెమెరా వెనక తెర అక్కడికక్కడే చెబుతుంది. అయితే తెర మీది బొమ్మను నమ్మకండి. ఎండలో అది మసకగా, రాత్రి గదిలో మెరిసిపోతూ కనిపించి మోసం చేస్తుంది. హిస్టోగ్రామ్‌ను, అంటే ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో గుట్టలా చూపే గ్రాఫును నమ్మండి. ఎడమ అంచు నలుపు, కుడి అంచు తెలుపు. గుట్ట మధ్యలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. అమావాస్య రాత్రి తీసిన ఫోటోకు గుట్ట ఎడమనే ఉంటుంది. చూడవలసిందల్లా కుడి గోడకు ఆనుకుని నిటారుగా గీత లేచిందా అన్నదే. లేస్తే ఎక్కడో తెలుపు పోయింది. దీపం, సూర్యుడు పోతే పోనివ్వండి. పంచె పోకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తెల్లరంగులో ఒకే గుట్ట చూపే హిస్టోగ్రామ్ చాలా కెమెరాల్లో ఆకుపచ్చకు ఎక్కువ విలువిచ్చి లెక్కగడుతుంది. ఎర్ర పట్టుచీర, కుంకుమ, బంతిపూలు ఉన్నచోట అది బాగానే ఉందంటుంది కానీ, లోపల ఎరుపు ఒక్కటే నిండిపోయి ఉంటుంది. చీర మీది జరీ బుటా ఎర్రటి ముద్దలో కలిసిపోతుంది. అందుకే మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను ఎంచుకోండి.

ఇంటిపని: ఉదయం ఎండలో దండెం మీద ఉతికిన తెల్ల పంచె, ఎర్రచీర, నల్ల గొడుగు పక్కపక్కన వేలాడదీయండి. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత), అపెర్చర్ మార్చకుండా ప్లస్, మైనస్ గుర్తున్న మీటతో మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ఒక్కో స్టాపు చొప్పున ఐదు ఫోటోలు తీయండి. ఫోను వాడేవారు తెర మీద వేలు పెట్టి, సూర్యుడి గుర్తును కిందికీ పైకీ జరపండి. ఫోను నాలుగైదు ఫోటోలను కలిపి తప్పును తనే కప్పిపుచ్చుతుంది కనుక, హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపండి. పంచె అంచు నేత ఏ ఫోటో దాకా కనిపించిందో, గొడుగు కమ్మీలు ఏ ఫోటో నుంచి కనిపించాయో కాగితం మీద రాసుకోండి. ఆ రెండింటి మధ్య దూరమే మీ కెమెరా సత్తా.

తర్వాత పాత ఫోటోలు తీసి వాటి హిస్టోగ్రామ్‌లు చూడండి. కుడి గోడ తాకినవన్నీ ఒక ఫోల్డరులో వేసుకోండి. ఆరో పాఠంలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగుల సర్దుబాటు) మొదలుపెట్టేది వాటితోనే.