ఇంటి గరాజ్‌లో కారు లిఫ్టు: కొనేముందు కాళ్ల కింద చూసుకోండి

ఈమధ్య మా డాలస్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. ఇంటి గరాజ్‌లో టూ పోస్ట్ లిఫ్టు (రెండు ఇనుప స్తంభాల మధ్య కారును పైకెత్తే యంత్రం), దాని మీద ముక్కు కిందికి వాలిపోయిన ఎస్‌యూవీ. ఒక పోస్ట్ అడుగున బోల్టులు కాంక్రీటు పెళ్లతో సహా పైకి లేచి ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదట. ఫొటో కింద అందరూ అడిగింది ఒక్కటే: ఏ బ్రాండు, ఎన్ని పౌండ్ల కెపాసిటీ? ఆ బోల్టులు దిగిన నేల ఏ రకమని ఒక్కరూ అడగలేదు.

థాంక్స్‌గివింగ్ సేల్స్ దగ్గర పడుతున్నాయి, లిఫ్టు ధరలు తగ్గుతాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకోండి, చక్రాలకు అడ్డు పెట్టండి లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తున్నాను.

నేను చూసినంతలో ఈ వ్యవహారంలో డబ్బూ ఇల్లూ రెండూ పాడు చేసుకున్నవాళ్లంతా ఒకే పొరపాటు చేశారు. లిఫ్టు ముందు కొన్నారు, నేల సంగతి తర్వాత చూసుకున్నారు. ఆర్డరు పెట్టేస్తారు. పెద్ద ఇనుప క్రేటు వచ్చి డ్రైవ్‌వేలో దిగుతుంది. వెనక్కి పంపాలంటే రవాణా ఖర్చు మనదే కాబట్టి మనసొప్పదు. "ఏముందిలే, కాంక్రీటే కదా" అని వీకెండ్‌కి హ్యామర్ డ్రిల్ అద్దెకు తెస్తారు.

నేల

ఉత్తర టెక్సస్ మట్టి మన గుంటూరు నల్లరేగడికి చుట్టమే. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే బీటలు వారుతుంది. అలాంటి మట్టి మీద ఇల్లు పగలకుండా నిలవాలని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ చుట్టుపక్కల కొత్త ఇళ్లలో చాలావాటికి పోస్ట్-టెన్షన్ ఫౌండేషన్ వేస్తారు. కాంక్రీటు పోసేముందు ప్లాస్టిక్ తొడుగుల్లో ఉక్కు కేబుళ్లు పరుస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని జాకీతో లాగి బిగిస్తారు. కేబుల్ మందం అరంగుళం, దాన్ని లాగే బలం సుమారు 30 వేల పౌండ్లు. గరాజ్ నేల కూడా ఆ ఫౌండేషన్‌లో భాగమే.

ఆ కేబుల్‌కి మీ డ్రిల్ బిట్ తగిలిందనుకోండి. తెగిన కేబుల్ నేలను చీల్చుకుని పైకి లేవచ్చు, ఫౌండేషన్ అంచు నుంచి బయటికి దూసుకు రావచ్చు. ఎవరికీ తగలకపోయినా ఆ వరసలో ఇంటికి ఉన్న బిగువు పోయినట్టే. దాన్ని మళ్లీ అతికి లాగడం ఆ పని తెలిసిన కంపెనీ వాళ్లే చేయాలి, ఆ బిల్లు ముందు లిఫ్టు ధర మీకు గుర్తు కూడా ఉండదు.

తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. చాలా ఇళ్లలో గరాజ్ తలుపు దగ్గర నేల మీద "పోస్ట్-టెన్షన్ స్లాబ్, కోయవద్దు, డ్రిల్ చేయవద్దు" అని ఇంగ్లిషులో ముద్ర ఉంటుంది. మీద ఎపాక్సీ పెయింట్ వేయించి ఉంటే అది కనపడదు. అప్పుడు బయటికి వెళ్లి ఫౌండేషన్ అంచు వెంబడి చూడండి. కొన్ని అడుగులకొకటి చొప్పున సిమెంటుతో పూడ్చిన చిన్న గుండ్రటి మచ్చలు వరసగా ఉంటే అవి కేబుల్ చివరలు.

పోస్ట్-టెన్షన్ కాదని తేలినా అయిపోలేదు. టూ పోస్ట్ లిఫ్టులో కారు బరువు రెండు పోస్టులనూ లోపలికి లాగుతుంది. ఆ లాగుడును ఆపేవి అడుగు బోల్టులే, ఆ బోల్టులను పట్టి ఉంచేది కాంక్రీటు. అందుకే 9, 10 వేల పౌండ్ల రకాలకు మాన్యువల్స్ సాధారణంగా కనీసం 4 అంగుళాలో ఇంకాస్త ఎక్కువో మందం, 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం అడుగుతాయి. ఇంటి కాగితాల మీద 4 అంగుళాలు ఉంటుంది. తీరా చూస్తే మూడున్నర తేలడం కొత్త కాదు. కొందరు గరాజ్ తలుపు అంచున కొలిచి "ఆరంగుళాలు ఉంది" అని సంతోషపడతారు. అంచు సాధారణంగా మందంగానే పోస్తారు, మధ్యలో ఉన్నదే లెక్క. బోల్టు రంధ్రాలు పగుళ్లకూ జాయింట్లకూ ఎంత దూరంలో ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, దానికి అంగుళం కూడా తగ్గొద్దు.

పోస్ట్-టెన్షన్ ఇంట్లో టూ పోస్టే కావాలని పట్టుబడితే దారి ఒకటే. రాడార్ స్కాన్‌తో కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో కాగితం తీసుకోండి. నన్నడిగితే ఆ తలనొప్పి వద్దు. ఆయిల్ మార్చడానికి, బ్రేక్ ప్యాడ్లు వేసుకోవడానికి కారు కింద రెండు వైపులా పెట్టే పోర్టబుల్ ఫ్రేములు చాలు. రెండడుగుల లోపే లేస్తాయి, వాటికీ కారు కిందికి జారకుండా ఆపే లాకులుంటాయి, పనయ్యాక గోడకు ఆనించేయొచ్చు. పూర్తి ఎత్తు కావాలంటే నాలుగు స్తంభాల ఫోర్ పోస్ట్ ఉంది. బోల్టు వేయకుండా నిలబెట్టడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, మీరు కొనే మోడల్‌కి ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూడండి. బోల్టు లేదు కదా అని నేలను మర్చిపోకండి, బరువంతా నాలుగు పాదాల కిందే పడుతుంది.

మళ్లీ చెబుతున్నాను. ముందు నేల, తర్వాతే లిఫ్టు.

ఎత్తు

కామ్రీ లాంటి సెడాన్ ఎత్తు దాదాపు 57 అంగుళాలు. హైలాండర్ లాంటి ఎస్‌యూవీ 68 దాకా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టాలంటే మధ్యలో ప్లాట్‌ఫారం మందం ఇంకో 5. మొత్తం 130 అంగుళాలు, అంటే సందు వదలకుండానే 11 అడుగులకు రెండంగుళాలు తక్కువ. మీ గరాజ్ సీలింగ్ 9 అడుగులైతే రెండు కార్ల ఆశ వదులుకోండి. కొలిచేటప్పుడు సీలింగ్ దాకా కొలవకండి, పైకి తెరుచుకున్న తలుపు దాకా కొలవండి. తలుపు ట్రాక్, ఓపెనర్ మోటారు అన్నీ కారు నెత్తి మీదే ఉంటాయి.

ముద్ర

ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉంది, పొట్టిగా ఏఎల్ఐ. వీళ్ల పరీక్ష పాసైన లిఫ్టు మీద బంగారు రంగు లేబుల్ ఉంటుంది. ఇక్కడొక కిటుకు నడుస్తోంది. మోటారుకు మాత్రం ఈటీఎల్ ముద్ర (పరికరం భద్రతను పరీక్షించారనే గుర్తు) ఉంటుంది, అమ్మేవాడు దాన్ని చూపించి "సర్టిఫైడ్" అంటాడు. ఆ ముద్ర కరెంటు భాగానికే, కారును మోసే ఉక్కుకు కాదు. ఏఎల్ఐ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు కొట్టి చూడండి. ఆ కంపెనీ వేరే మోడల్ జాబితాలో ఉంటే సరిపోదు.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో:

- కారు పైకి లేచాక లాకుల మీదికి దింపండి. హైడ్రాలిక్ ఒత్తిడి మీద నిలిచిన కారు కిందికి వెళ్లకండి. ఒక సీలు కారితే చాలు.
- రెండు వైపులా లాకు పడిందో లేదో కళ్లతో చూడండి. టక్కుమన్న చప్పుడును నమ్మొద్దు.
- చక్రాలు నేలను వదలగానే ఆపండి. కారును చేత్తో ఊపి చూడండి. కదిలితే దించి, కారు అడుగుకు ఆనే లిఫ్టు ప్యాడ్లు మళ్లీ సర్దండి.
- టెస్లా ఉన్నవాళ్లు: అడుగంతా బ్యాటరీ. కంపెనీ చెప్పిన నాలుగు చోట్ల తప్ప ఎక్కడా ప్యాడ్ తగలకూడదు. కత్తెరలా తెరుచుకుని కారును మధ్యలో ఎత్తే సిజర్ లిఫ్టు కొనేముందు దాని ప్యాడ్లు ఆ నాలుగు చోట్లకూ అందుతాయో లేదో కొలుచుకోండి.
- కారును లిఫ్టు ఎక్కించేముందు గరాజ్ డోర్ ఓపెనర్ ప్లగ్ పీకేయండి. కారు పైనుండగా ఇంట్లో ఎవరో బటన్ నొక్కితే తలుపు వచ్చి కారునే గుద్దుతుంది.
- లిఫ్టు పవర్ స్విచ్‌కి తాళం. తాళంచెవి మీ దగ్గరే.
- మన ఇళ్లలో గరాజ్ అంటే రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, పచ్చడి సీసాలు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు వాటికోసం ఎత్తిన కారు కిందుగా నడిచి వెళ్లే ఏర్పాటు పెట్టకండి. సామాన్లు ముందు మార్చండి.
- సెకండ్ హ్యాండ్ లిఫ్టుకి మాన్యువల్, మోడల్ ప్లేటు రెండూ లేకపోతే కొనొద్దు. లిఫ్టు కేబుళ్లు చిట్లి ఉంటే కొనొద్దు. పాత బోల్టులు మళ్లీ వాడొద్దు.
- 220 వోల్టుల మోటారైతే విడి సర్క్యూట్, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్. ఈవీ చార్జర్ లైనులోంచి లాగొద్దు.
- పాత జాక్ స్టాండ్లు (ఎత్తిన కారు కింద పెట్టే ఇనుప ఆధారాలు) మూల పడి ఉన్నాయా? 2020లో హార్బర్ ఫ్రైట్ అమ్మిన పిట్స్‌బర్గ్ 3 టన్నులు, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచారు. బరువు మీద ఉండగా పళ్లు జారే ప్రమాదం ఉందని. మీ స్టాండు మీద నంబరు ఇప్పుడే చూడండి.
- ఇంజన్‌లాంటి బరువైన భాగం దించితే కారు బరువు ఒకవైపుకి మారుతుంది. ఆధారం పెట్టకుండా బోల్టు విప్పొద్దు.
- ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిందికి వెళ్లొద్దు.
- అద్దె ఇంట్లో వద్దు. సొంత ఇల్లయినా హెచ్ఓఏనీ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం), ఇన్సూరెన్స్ కంపెనీనీ ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.
- "మీ సబ్‌డివిజన్‌లో అందరికీ ఇదే బిగించాం" అనే ఇన్‌స్టాలర్‌ని మీ నేల మందం ఎంతో అడగండి. కొలవకుండా చెబితే పంపించేయండి.
- నేల చూడకుండా డిపాజిట్ కట్టొద్దు. సేల్ ఈ రాత్రితో అయిపోతుందన్నా సరే.
- నేల మీద ముద్ర లేదు, అంచున మచ్చలు కనపడలేదు అంటే ఫౌండేషన్ ప్లాన్ కోసం బిల్డర్‌ని అడగండి, సిటీ పర్మిట్ ఆఫీసులో అడగండి. ఎక్కడా దొరక్కపోతే అది పోస్ట్-టెన్షన్ అనే లెక్కేసుకుని, బోల్టు అక్కర్లేని రకమే చూసుకోండి.