నిత్యజీవము: మాటను పట్టుకొని చదవడం – 3వ పాఠం: క్రియ ఏ కాలంలో ఉంది?

గత పాఠంలోని అభ్యాసం చేసినవారు యోహాను సువార్తలో ‘నిత్యజీవము’ అనే మాటను వెతికి లెక్కపెట్టి ఉంటారు. గ్రీకు మూలంలో అది 17 చోట్ల ఉంది. మీ లెక్క ఒకటి రెండు తగ్గితే కంగారు పడనక్కరలేదు. 4:36లోని ‘నిత్యజీవార్థమైన ఫలము’ వంటి సమాసరూపాలు తొలి చదువులో కంటికి ఆనవు.

‘నిత్య’ అనే విశేషణం మన మనస్సును వెంటనే కాలపు పొడవు మీదికి, అంటే ఎన్నటికీ ముగియని బ్రతుకు మీదికి లాగుతుంది. ఆ అర్థం తప్పు కాదు గాని, చాలదు. గ్రీకులోని ‘ఐయోనియోస్’ అనే విశేషణం యుగం అనే అర్థమున్న ‘ఐయోన్’ నుండి వచ్చింది. ఈ లోకము, రాబోవు లోకము అని కాలాన్ని రెండుగా చూసిన యూదుల నిరీక్షణ దాని వెనుక ఉంది కాబట్టి, రాబోవు యుగానికి చెందిన జీవము అనే ధ్వని కూడా ఆ మాటలో వినిపిస్తుంది. మార్కు 10:30లో ‘రాబోవు లోకమందు నిత్యజీవము’ అని ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇప్పుడు యోహాను 5:24 తెరవండి. విశ్వాసముంచువాడు ‘నిత్యజీవము గలవాడు’, అతడు ‘మరణములోనుండి జీవములోనికి దాటియున్నాడు’ అని ఉంది. ‘పొందబోవును’ అనలేదు, ‘గలవాడు’ అన్నారు. ‘దాటెను’ అని ఊరుకోక ‘దాటియున్నాడు’ అన్నారు. జరిగిపోయిన పనిని, దాని వలన ఇప్పటికీ నిలిచి ఉన్న స్థితిని ఈ ఒక్క క్రియారూపం కలిపి చెబుతుంది. గ్రీకు క్రియ స్వభావం కూడా సరిగ్గా అదే కావడం వలన, ఇక్కడ మన అనువాదకుల ఎంపికను మెచ్చుకోకుండా ఉండలేను. రావలసిన యుగపు జీవము విశ్వాసికి ఇక్కడే మొదలైందని యోహాను చెప్పడం ఈ వ్యాకరణంలోనే ఉంది.

అలాగని భవిష్యత్తును కొట్టివేయరాదు. 6:40లో నిత్యజీవము పొందడం గురించి చెప్పిన వెంటనే ‘అంత్యదినమున నేను వానిని లేపుదును’ అని భవిష్యత్కాలం వస్తుంది. ‘ఇప్పుడే’ అన్నదాన్ని మాత్రమే పట్టుకొంటే శరీర పునరుత్థానం జారిపోతుంది. ‘తరువాత’ అన్నదాన్ని మాత్రమే పట్టుకొంటే నిత్యజీవము మరణానంతర బహుమానంగా కుదించుకుపోతుంది. రెండవ పొరపాటే ఎక్కువగా జరుగుతుందని నా అభిప్రాయం.

ఇక 17:3. ‘అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసు క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము’ అనే ఈ వాక్యంలో కాలపరిమాణం ప్రస్తావనే లేదు. బరువంతా ‘ఎరుగుట’ మీద ఉంది. ‘ఆయన గురించి నాకు తెలుసు’ అనడానికీ, ‘ఆయనను నేనెరుగుదును’ అనడానికీ తెలుగులో ఎంత దూరమో ఒకసారి పైకి చెప్పుకొని చూడండి: మొదటిది సమాచారం, రెండవది పరిచయం. అదే గ్రీకు క్రియ మత్తయి 1:25లో యోసేపు మరియను ‘ఎరుగకుండెను’ అన్నచోట దాంపత్యాన్ని సూచిస్తుంది. యోహాను 10:14లో కాపరికీ గొఱ్ఱెలకూ మధ్యనున్న ఎరుకకు వాడబడింది. నిత్యజీవము ఎంత కాలం అనే ప్రశ్న కంటే ఎవరితో అనే ప్రశ్న ముందు రావాలని చెప్పేది ఈ క్రియే.

అభ్యాసం: యోహాను 11:23–26 చదివి, ప్రతి క్రియ కింద గీత గీసి, దాని పక్కన భూత, వర్తమాన, భవిష్యత్కాలాలలో ఏదో రాయండి. ‘అంత్యదినమున’ లేస్తాడని మార్త చెప్పిన మాటకు యేసు ఇచ్చిన జవాబు ఏ కాలంలో మొదలవుతుందో, తరువాత ఎక్కడ మారుతుందో గమనించి, ఆ మార్పును మీ మాటల్లో నాలుగు వాక్యాలలో వివరించండి. మీ జవాబును నాలుగవ పాఠం మొదట్లో సరిచూసుకొని, అక్కడినుండి రోమా 6:23లోని ‘జీతము’, ‘కృపావరము’ అనే రెండు మాటల దగ్గరికి వెళ్దాం.