ఇంటి ఎరువు – నాలుగో పాఠం: ముందు ఆ మూత తీయండి

ఈసారి మాగిన ఎరువును జల్లించడం నేర్పాలనుకున్నాను. మూడో పాఠం తర్వాత మీరు రాసినవన్నీ చదివాక ఆ ఆలోచన మానుకున్నాను. అందరిదీ ఒకటే మొర: డబ్బా కంపు కొడుతోంది.

తప్పులో సగం నాది. తడి చెత్త మీద ఎండుటాకులు వేయమన్నాను గానీ, ఎన్ని వేయాలో చెప్పలేదు. గుప్పెడు తడికి రెండు మూడు గుప్పిళ్ల ఎండు. ఎండులో ఎక్కువగా ఉండే కర్బనం, తడిలో ఎక్కువగా ఉండే నత్రజని సుమారు 30:1 పాళ్లలో ఉండాలని పుస్తకాలు చెబుతాయి. నేను ఎన్నడూ తూచలేదు, గుప్పిటే నా తక్కెడ. ఆకులు లేకపోతే చింపిన వార్తాపత్రిక, రంపపు పొట్టు. మెరిసే కాగితం మాత్రం వద్దు.

మిగతా సగం మీది. కంపు రాగానే చాలామంది మూత బిగించారు. ఒకరైతే చుట్టూ టేపు కూడా అంటించారట! చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు గాలి కావాలి. అది అందకపోతే, గాలి అక్కర్లేని జీవులదే పెత్తనం. కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. ఆ వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. అలాంటి చోటే మీథేన్ కూడా పుడుతుంది. వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే అది దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఊరి చెత్తకుప్పలో అది పుట్టకూడదనే కదా ఈ పని మొదలుపెట్టాం? ఇప్పుడు ఆ కుప్పనే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టయింది. మూత బదులు ఈగలు దూరని పలుచని గుడ్డ కట్టండి. "రంధ్రాలు చేశాం, అయినా కంపే" అన్నవారు ఆ రంధ్రాల్లో పుల్ల గుచ్చి చూడండి. తడి ముద్ద వాటిని పూడ్చేసి ఉంటుంది. అందుకే నేను ముందుగా అడుగున ఎండు పుల్లలు పరుస్తాను. సువాసన ద్రవాలు దయచేసి పోయకండి.

ముక్కు మండే అమోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువైనట్టు. ఎండు కలపండి, చాలు.

తేమకు పరీక్ష: గుప్పిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎండు తక్కువైంది. పొడిగా రాలితే నీళ్లు చిలకరించండి. తొడుగులు వేసుకోవడం మంచిదే, నాకు మాత్రం వాటితో తేమ తెలియదు.

అభ్యాసం: 14 రోజులు, ఒకే వేళకు డబ్బా తెరిచి వాసన, పిండితే వచ్చిన చుక్కలు, వేసిన గుప్పిళ్లు రాయండి. మూడు రోజులకోసారి అడుగుదాకా తిరగేయండి. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటినుంచి.

జల్లెడ ఇప్పుడే కొనకండి. ఎంత కన్నాలది కావాలో వచ్చే పాఠంలో చెబుతాను.