హాస్య నాటిక వేసేవారు ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ను చూడవలసిన తీరు

గుంటూరు, విజయవాడల్లో పరిషత్తు పోటీలకు హాస్య నాటిక సిద్ధం చేసుకునే బృందాలు, రిహార్సల్స్ మొదలుపెట్టే ముందు ఫ్రాంక్ కాప్రా తీసిన ఈ చిత్రాన్ని కలిసి చూడాలని నా గట్టి కోరిక. మనం నవ్వు కోసం ఎక్కువగా మాటల మీదే ఆధారపడుతున్నాం; ఇక్కడ నవ్వు సెట్టులోంచే పుడుతుంది. తన ఇద్దరు మేనత్తలూ ఒంటరి ముసలివాళ్లకు విషం కలిపిన వైన్ ఇచ్చి చంపుతున్నారని మార్టిమర్ అనే యువకుడు కనిపెట్టడమే కథ.

దీనికి మూలమైన జోసెఫ్ కెసెల్రింగ్ నాటకం 1941 జనవరిలో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో మొదలై 1,444 ప్రదర్శనలు ఆడింది. సినిమా చిత్రీకరణ ఆ ఏడాది చివర్లోనే జరిగినా, నాటకం ఆడుతున్నంతకాలం విడుదల చేయరాదన్న ఒప్పందం వల్ల అమెరికా థియేటర్లకు 1944లో గాని రాలేదు.

మొదటిసారి సబ్‌టైటిల్స్ పెట్టుకుని, మధ్యలో ఆపకుండా చూడండి. రెండోసారి కాగితం, పెన్సిల్ దగ్గర ఉంచుకోండి. బేస్‌బాల్ ఆట, పెళ్లి లైసెన్సు ఆఫీసు సన్నివేశాలు సినిమా కోసం చేర్చినవి కాబట్టి వాటిని దాటేసి, కథ మేనత్తల బ్రూక్లిన్ ఇంట్లోకి చేరాక వీధి తలుపు, మెట్లు, నేలమాళిగ తలుపు, కిటికీ కింది పెట్టె ఎక్కడెక్కడ ఉన్నాయో గీసుకుని, ఎవరు ఎటునుంచి వచ్చి ఎటు వెళ్తున్నారో గుర్తులు పెట్టండి.

అసలు పాఠం ఆ పెట్టె దగ్గర ఉంది. మార్టిమర్‌గా నటించిన కేరీ గ్రాంట్ మూత ఎత్తి, లోపలికి చూసి, మామూలుగా మూసేస్తాడు. తాను చూసింది శవమన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా బుర్రకెక్కుతుంది. నవ్వంతా ఆ క్షణంలోనే ఉంది. ఆ ముక్కను శబ్దం తీసేసి పదేపదే చూసి, తర్వాత మీ నటుడి చేత ఒక ఖాళీ పెట్టెతో, డైలాగు లేకుండా చేయించండి. విరామం కాస్త తగ్గినా, కాస్త పెరిగినా సన్నివేశం చప్పబడిపోతుందని మీకే తెలుస్తుంది.

గ్రాంట్ కొన్నిచోట్ల అతి చేశాడని నా అభిప్రాయం, అనుకరించవలసింది మేనత్తలను. జోసెఫిన్ హల్, జీన్ అడైర్ బ్రాడ్‌వే వేదిక మీద కూడా ఆ పాత్రలే వేశారు. గాలన్ ఎల్డర్‌బెర్రీ వైన్‌లో చెంచాడు ఆర్సెనిక్, అరచెంచా స్ట్రిక్నిన్, చిటికెడు సయనైడ్ కలుపుతామని, ఆవకాయ కొలతలు చెప్పినంత నిదానంగా చెబుతారు. నవ్వించాలన్న ప్రయత్నం వాళ్ల ముఖాల్లో ఎక్కడా కనిపించదు. మీ నటులకు ఇదొక్కటి పట్టుబడితే చాలు.

ఈ కథనే తెలుగులో వేయాలనుకుంటే మాత్రం హక్కుదారుల అనుమతి తీసుకున్నాకే స్క్రిప్టు రాయించండి.