పొలం ఎన్ని సెంట్లో మనమే కొలుచుకోవడం: ఫోన్, క్యూజీఐఎస్, కొంచెం ఓపిక

మా పొలం విచిత్రమైంది, మనిషిని బట్టి సైజు మారుద్ది. కాగితంలో రెండెకరాలు. ట్రాక్టర్ అతను దున్ని లెక్క చెప్పేటప్పుడు రెండుంబావు. కౌలుకి చేస్తున్న బాబాయ్ డబ్బులు ఇచ్చేటప్పుడు మాత్రం "ఎకరా ఎనభై కన్నా లేదురా అబ్బాయ్, గట్లకే పోయింది సగం" అంటాడు. డ్రోన్‌తో మందు కొట్టే కుర్రాడు ఇంకో నంబరు చెప్తాడు. మాది గుంటూరు పక్కన, మిర్చి వేస్తాం, అక్కడ ఎవర్ని అడిగినా ఇదే కథ చెప్తారు. పోయినేడు సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న "ఇంత చదివావు కదరా, ఎంతుందో నువ్వే చెప్పు" అన్నారు, సరే అని మొదలెట్టా. పైసా ఖర్చు అవలేదు కానీ రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజుల్లో ఒకటిన్నర రోజు నా తప్పుల వల్లే, అందుకే ఇది రాస్తున్నా, మీకు పూటలో అయిపోతుంది.

కావాల్సినవి రెండు. ఫోన్‌లో ఓస్మాండ్ అనే మ్యాప్ యాప్, ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్, అంటే మ్యాపులు గీసి కొలిచే సాఫ్ట్‌వేర్. రెండూ ఓపెన్ సోర్స్. క్యూజీఐఎస్‌ని 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఇప్పుడు దాన్ని ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో కూడా వాడుతున్నారు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు లాంగ్ టర్మ్ రిలీజ్ అని ఉన్నదే తీసుకోండి, కొత్త వెర్షన్ల మోజు మనకొద్దు. ఫైలు పెద్దది, ఊళ్ళో నెట్‌తో అయ్యే పని కాదు, సిటీలో ఉన్నప్పుడే దించుకుని వెళ్ళండి. ఓస్మాండ్‌లో మన రాష్ట్రం మ్యాప్ కూడా ముందే దించుకోండి, పొలంలో సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, దానికి నెట్‌తో సంబంధం లేదు, ఈ మాట ఎంతమందికి చెప్పినా నమ్మరు.

పొలంలో పని ఇలా. చాలామంది ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి గట్టు చుట్టూ నడిచేస్తారు. నేను కూడా మొదట అదే చేశా, గీత తాగినోడు నడిచినట్టు వచ్చింది. దానికన్నా ఒక్కో మూల దగ్గర ఆగి పాయింట్ పెట్టుకోవడం నయం. మూల దగ్గర నిలబడి ఫోన్ ఆకాశం వైపు పెట్టి ఒక నిమిషం ఊరికే ఉండండి, స్క్రీన్ మీద మన చుట్టూ కనిపించే వలయం చిన్నదయ్యేదాకా. తర్వాత ఆ చోటుని ఫేవరెట్‌గా సేవ్ చేయండి, పొలం పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని అన్నీ అందులోనే వేయండి. చెట్టు కింద మూల వస్తే జీపీఎస్ తడబడుద్ది, మా ఈశాన్యం మూల తుమ్మచెట్టు కింద ఉంది, అక్కడ మూడుసార్లు తీసుకుంటే మూడూ మూడు చోట్ల పడ్డాయి, చివరికి చెట్టుకి అటో పాయింట్ ఇటో పాయింట్ తీసుకుని మూలని మ్యాప్‌లో నేనే సర్దుకున్నా. ఇంకోటి, గట్టు ఒంకర తిరిగిన చోట కూడా పాయింట్ పెట్టాలి, నాలుగు మూలలే కదా అనుకుంటే కుదరదు. మాకు పదకొండు వచ్చాయి.

ఇక్కడే నా మొదటి తప్పు. పాయింట్లకి 1, 2, 3 అని పేర్లు పెట్టుకుంటూ పోయా. ఇంటికొచ్చి ఆ ఫోల్డర్‌ని జీపీఎక్స్ ఫైల్‌గా (జీపీఎస్ పాయింట్లు దాచే ఫైలు) షేర్ చేసుకుని, క్యూజీఐఎస్‌లోకి మౌస్‌తో లాగి పడేసి, ఏ లేయర్ కావాలి అంటే వేపాయింట్స్ (మనం పెట్టిన పాయింట్లే) అని ఎంచుకుని, పైన ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో పాయింట్స్ టు పాత్ అనే టూల్ నడిపా. వరస దేన్ని బట్టి అంటే పేరు కాలమ్ ఇచ్చా. తీరా చూస్తే పొలం బదులు ఆగమాగంగా గీతల మీద గీతలు, చెల్లి వెనక నుంచి చూసి "ఏంట్రా అన్నయ్యా ముగ్గు తప్పింది" అని నవ్వింది. సంగతేంటంటే కంప్యూటర్ పేర్లని అక్షరాల్లా చదువుతుంది, నంబర్లలా కాదు, కాబట్టి ఒకటి తర్వాత పది, పదకొండు, ఆ తర్వాత రెండు. పొలం ఈ మూల నుంచి ఆ మూలకి దూకి మళ్ళీ వెనక్కి వచ్చింది. మీరు 01, 02 అని పెట్టుకోండి, అంతే. ఆ టూల్‌లోనే దారిని మూసేయమని ఒక టిక్ ఉంటుంది, అది కూడా పెట్టండి, లేకపోతే చివరి మూల నుంచి మొదటి మూలకి గీత పడదు. తర్వాత లైన్స్ టు పాలిగాన్స్ అనే టూల్ నడిపితే గీత కాస్తా నిండు ముక్క అయిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. సెంట్లు ఎంతొచ్చాయో చూడాలి కదా, ఫీల్డ్ కాలిక్యులేటర్ తెరిచి ఏరియా ఫంక్షన్ వేశా, 0.00000066 అని వచ్చింది. రెండెకరాల పొలం అంత సూక్ష్మంగా ఎక్కడైనా ఉంటుందా. జీపీఎస్ పాయింట్లు అక్షాంశం రేఖాంశం డిగ్రీల్లో ఉంటాయి, అది చదరపు డిగ్రీల్లో చెప్తోంది. సరే మీటర్లలోకి మారుద్దాం అని లేయర్‌ని మళ్ళీ సేవ్ చేస్తూ, అక్కడ కనిపించిన ప్రాజెక్ట్ సీఆర్‌ఎస్ అన్నది నొక్కేశా (సీఆర్‌ఎస్ అంటే గుండ్రటి భూమిని మ్యాప్ మీద పరిచే కొలత పద్ధతి, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది). ఈసారి 8571 చదరపు మీటర్లు వచ్చింది. సెంటుకి 40.4686 చదరపు మీటర్లు, దాంతో భాగిస్తే దాదాపు 212 సెంట్లు, అంటే రెండెకరాల పన్నెండు. నాన్న మొహం వెలిగిపోయింది. కాగితం కన్నా పన్నెండు సెంట్లు ఎక్కువ, అప్పుడే బాబాయ్‌కి ఫోన్ కలపబోతున్నారు.

నాకు ఎందుకో డౌటొచ్చి ఆపా. అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఆన్‌లైన్ మ్యాప్) లేయర్ ముందే వేసుకుని ఉన్నా, దాంతో ప్రాజెక్ట్ మొత్తం వెబ్ మెర్కేటర్‌లోకి పోయింది, నంబరు 3857. ఆన్‌లైన్ మ్యాపులన్నీ దాదాపు అందులోనే ఉంటాయి, చూడ్డానికి బావుంటుంది, కొలవడానికి పనికిరాదు. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అన్నిట్నీ సాగదీస్తుంది, గుంటూరు దగ్గరే విస్తీర్ణం దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంకా ఉత్తరానికి పోతే ఇంకా ఎక్కువ. సరైన పద్ధతిలో చూస్తే 7851 చదరపు మీటర్లు, ఎకరా తొంభై నాలుగు. నాన్న "మరి ఆ పద్దెనిమిది సెంట్లు ఎవడు తిన్నాడురా" అన్నారు. ఎవరూ తినలేదు నాన్నా, మెర్కేటర్ ఇచ్చాడు, మళ్ళీ ఆయనే పట్టుకుపోయాడు అన్నా. అర్థం కాలేదు ఆయనకి, నాకు పన్నెండు కూడా దక్కలేదన్న బాధే.

కాబట్టి మీరు ఈ తిరుగుడంతా వద్దు, ఇలా చేయండి. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో జనరల్ అనే చోట విస్తీర్ణం యూనిట్ ఎకరాలు పెట్టండి, ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రటి ఆకారం లెక్క) అన్నచోట డబ్ల్యూజీఎస్ 84, అంటే జీపీఎస్ వాడే లెక్క, ఉందో లేదో చూసుకోండి. తర్వాత ఐడెంటిఫై బటన్ నొక్కి పొలం మీద క్లిక్ చేస్తే డిరైవ్డ్ అనే విభాగంలో రెండు ఏరియాలు చూపిస్తుంది, కార్టీజియన్ ఒకటి, ఎలిప్సాయిడల్ ఒకటి. ఎలిప్సాయిడల్ అన్నదే మీది. 1.94 అని వస్తే అదే 194 సెంట్లు. తెలంగాణ వాళ్ళకి గుంటల్లో కావాలంటే చుక్క తర్వాత ఉన్నదాన్ని 40తో గుణించండి, ఎకరా ముప్పై ఏడున్నర గుంటలు వస్తుంది. గజాలైతే సెంటుకి 48.4, గుంటకి 121.

లెక్కలు, పైపులు, దూరాలు ఇవన్నీ రోజూ చేసేవాళ్ళు లేయర్‌ని యూటీఎమ్‌లోకి (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చూపించే సీఆర్‌ఎస్) మార్చుకుంటే మంచిది. రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్, నంబరు 32644. రేఖాంశం 78 కన్నా పడమర ఉంటే, అంటే అనంతపురం, హిందూపురం వైపు, 32643. ఇచ్ఛాపురం వాళ్ళకి 32645, వాళ్ళు అప్పుడే 84 దాటేశారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది సర్వే కాదు. మామూలు ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. రెండెకరాల చదరం ముక్క చుట్టుకొలత దాదాపు 360 మీటర్లు, గీత అన్నివైపులా ఒక్క మీటరు బయటికి పడితే తొమ్మిది సెంట్లు తేడా వచ్చేస్తుంది. నేను పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి తీసుకుంటే ఒకటి 1.94, ఇంకోటి 1.98. అంటే కాగితంలో ఉన్న రెండెకరాలకి దగ్గర్లోనే ఉన్నాం, ఎవరో గట్టు జరిపారని గొడవకి పోయేంత ఏమీ లేదు. అదే ఐదు సెంట్ల ఇంటి స్థలమైతే పక్కన పద్నాలుగు మీటర్లు, దానికి ఈ పద్ధతి అసలు వాడొద్దు, టేపు తీసుకోండి. ఏపీలో 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వేలో తెచ్చిన రోవర్లు (సర్వేకి వాడే జీపీఎస్ పరికరాలు) సెంటీమీటర్ల లెక్కలో చెప్తాయి, మన ఫోన్ మీటర్ల లెక్కలో. సరిహద్దు తగాదా ఉంటే సర్వేయర్‌కే అర్జీ పెట్టుకోవాలి, ఈ మ్యాప్ పట్టుకుని పక్క పొలం వాళ్ళ మీదకి వెళ్తే నవ్వుతారు. కానీ ట్రాక్టర్ అతని రెండుంబావు, బాబాయ్ ఎకరా ఎనభై రెండూ తప్పని చెప్పడానికి ఇది సరిపోయింది. ఏ4 కాగితం మీద 1:1000 స్కేలుతో ప్రింట్ తీశా, సెంటీమీటరుకి పది మీటర్లు, పొలం అరచేతంత వచ్చింది. బాబాయ్ దాన్ని తిప్పి తిప్పి చూసి "ఈ మూల మా తుమ్మచెట్టేగా" అని దాన్ని గుర్తుపట్టాక మిగతాది ఒప్పుకున్నాడు.

పొలం ఒకసారి మ్యాప్‌లోకి ఎక్కాక బోలెడు పనులు తేలిక. బోరు నుంచి అటు చివరి మూలకి పైపు వేయాలనుకున్నాం. అంతకు ముందేడు అడుగులేసి కొలిచి తెచ్చిన పైపుల్లో ఆరు ఇప్పటికీ కొట్టంలో చూరు కింద పడున్నాయి. ఈసారి మెజర్ లైన్ టూల్ తీసుకుని గట్టు వెంట క్లిక్ చేసుకుంటూ పోతే 137 మీటర్లు. పీవీసీ పైపు 6 మీటర్లు ఉంటుంది కానీ సాకెట్‌లోకి దూరే ముక్క లెక్కలోకి రాదు, అందుకని 5.9 వేసుకుంటే 24 పైపులు, ఎందుకైనా మంచిదని ఒకటి ఎక్కువ. ఆ ఒకటే మిగిలింది.

పెళ్ళిళ్ళకి అయితే క్యూజీఐఎస్ అక్కర్లేదు, యూమ్యాప్ అని ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద మన సొంత గుర్తులు పెట్టుకోవచ్చు. చెల్లి పెళ్ళికి కల్యాణ మండపం, విడిది, కార్లు పెట్టుకునే ఖాళీ స్థలం, బస్సు దిగే చోటు, అన్నీ రంగు రంగుల గుర్తులు పెట్టి లింకు వాట్సాప్ గ్రూపులో పడేశా. అకౌంట్ లేకుండా చేస్తే ఎడిట్ చేసుకోడానికి ఒక రహస్య లింకు ఇస్తుంది, దాన్ని ఎక్కడైనా దాచుకోండి. నేను దాచలేదు, విడిది మారితే మ్యాప్ మార్చలేక మొత్తం మళ్ళీ కొత్తది చేశా, సగం మంది పాత లింకు పట్టుకుని పాత విడిదికే వెళ్ళారు. ఫోన్ నంబర్లు మాత్రం అందులో పెట్టకండి, లింకు ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

చివరిది, ఊళ్ళో దారులు. మా పొలానికి వెళ్ళే డొంక ఏ మ్యాప్‌లోనూ లేదు, వరికోత మిషన్ అతను ప్రతిసారీ కాలవ గట్టు మీదకి వెళ్ళి ఇరుక్కుని ఫోన్ చేస్తాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా గీయొచ్చు, 2004లో మొదలైందే ఆ ఉద్దేశంతో. అకౌంట్ తెరిచి ఎడిట్ నొక్కితే వెనకాల శాటిలైట్ ఫోటో వస్తుంది, డొంక మీద గీత గీసి ట్రాక్ అని రకం ఎంచుకుని, పేరు ఉంటే తెలుగులో కూడా వేసి సేవ్ చేయడమే. పక్కన గూగుల్ మ్యాప్ తెరిచి దాన్ని చూసి ఎక్కించడం మాత్రం చేయొద్దు, వాళ్ళ హక్కులు వేరు, ఎవరైనా గమనిస్తే మీరు గీసిందంతా తీసేస్తారు. మనం నడిచిన ట్రాక్, మన కళ్ళతో చూసిన దారి, అక్కడే వచ్చే శాటిలైట్ ఫోటో, ఇవి చాలు. సేవ్ చేశాక సైట్‌లో కాసేపట్లోనే కనిపిస్తుంది, ఓస్మాండ్‌లోకి రావాలంటే మాత్రం మ్యాప్ అప్‌డేట్ వచ్చేదాకా ఆగాలి, నెల కూడా పట్టొచ్చు. నేను ఫోన్‌లో రాలేదని ఇంకోసారి గీసేశా, కొన్నాళ్ళు మా పొలానికి రెండు డొంకలు ఉన్నాయి, ఒకటి మళ్ళీ నేనే చెరిపా.