పురుడు ఇంట్లోనే అనుకుంటే: గది, గుడ్డలు, బండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ చుట్టుపక్కల ఇంటి పురుడు అనుకునేవాళ్లు ముందుగా తల్లీబిడ్డ కార్డు తీసి చూడాలి. తొలి కాన్పయినా, ఇంతకుముందు సిజేరియన్ అయినా, కవలలైనా, బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉన్నా, బీపీ 140/90కి చేరినా, హిమోగ్లోబిన్ 10 లోపున్నా ఇంట్లో వద్దు. అన్నీ సవ్యంగా ఉన్నా మంత్రసాని ఒక్కర్తినే నమ్ముకోకండి. కాన్పులు చేసిన నర్సమ్మ వస్తానని మాటివ్వాలి. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషంలోనే గాలి అందించే బ్యాగు, మాస్కు ఆమె దగ్గర ఉండాలి. కాన్పయ్యాక నెత్తురు ఎక్కువ పోకుండా వేసే ఆక్సిటోసిన్ సూది తెస్తే దాన్ని చల్లగా ఉంచే ఐసు డబ్బా మీరు సిద్ధం చేయాలి. వంశధార పొంగే నెలల్లో, కొండమీది ఊళ్లకు మా మాట వేరు: తేదీకి వారం పది రోజుల ముందే 'మా గృహ'లో, అంటే కాన్పు దగ్గరపడ్డ తల్లులు ఉండే సర్కారు వసతిలో, చేరడం మేలు. ఆశా దీదీని అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెబుతుంది.

గది పని 36వ వారానికల్లా ముగించండి. మట్టి నేలైతే ఆ వారం నుంచి పేడతో అలకొద్దు. ధనుర్వాతం క్రిములు పేడలో ఉంటాయి, బొడ్డు కోసిన చోటునుంచి ఎక్కుతాయి. తల్లికి ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజక్షన్లు పూర్తయ్యాయో లేదో కార్డులో చూసుకోండి. నేలమీద రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు కొత్త ప్లాస్టిక్ షీటు, దానిమీద ఉతికిన దుప్పటి పరవాలి. గది 25 డిగ్రీలకు తగ్గకూడదు, బిడ్డ పుట్టే వేళకు ఫ్యాను ఆపేయాలి. చలికాలంలో కుంపటి పెట్టడం మన అలవాటే గానీ, తలుపులు మూసిన గదిలో ఆ బొగ్గు గాలి తల్లీబిడ్డలిద్దరి ప్రాణం తీయగలదు. గది ముందే వేడెక్కించి, కుంపటి బయట పెట్టేసి, కాసేపు తలుపు తీసి ఉంచాకే తల్లిని లోపలికి తేవాలి. కరెంటు పోతుందనే అనుకోండి. తలకు కట్టుకునే లైటు ఒకటి, మామూలు టార్చి ఒకటి ఛార్జింగులో ఉండాలి.

ఇక గుడ్డలు. బిడ్డకు మెత్తని నూలుగుడ్డలు ఆరు, టోపీలు రెండు. వేడినీళ్లలో ఉతికి, రెండు వైపులా ఎండ తగిలేలా ఆరేసి, ఇస్త్రీ చేసి, ఆ పూటే కొత్త పాలిథిన్ సంచిలో కట్టేయండి. తడి పొడిగా మూట కడితే బూజు పడుతుంది. బిడ్డ పుట్టగానే మొదటి గుడ్డతో ఒళ్లు, తల తుడిచి, ఆ తడిగుడ్డ పక్కన పడేసి, తల్లి ఎదమీద బోర్లా పడుకోబెట్టి రెండో గుడ్డ కప్పాలి. జరిగే పొరపాటల్లా ఇక్కడే: తుడిచిన తడిగుడ్డలోనే బిడ్డను చుట్టేస్తారు, ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకే రెండో గుడ్డను విడిగా, చేతికందేలా మడతపెట్టి ఉంచండి.

బొడ్డుకు విప్పని ప్యాకెట్లో కొత్త బ్లేడు, సీలు వేసిన క్లాంపులు రెండు. క్లాంపులు దొరక్కపోతే గట్టి నూలుదారం జానెడు ముక్కలు మూడు, ఇరవై నిమిషాలు మరిగించి, మూత ఉన్న గిన్నెలోనే వదిలేయాలి. కుట్టుమిషను దారం సన్నం, బిగిస్తే బొడ్డుతాడునే కోసేస్తుంది. తాడు కొట్టుకోవడం ఆగేదాకా, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి, బిడ్డ పొట్టకు రెండు వేళ్ల దూరంలో ఒక ముడి, ఇంకో రెండు వేళ్ల అవతల మరో ముడి వేసి, మధ్యలో కోయాలి. మూడో దారం, కోసిన చోట నెత్తురు చెమరిస్తే ఇంకో ముడి వేయడానికి. ఆపైన పసుపు, బూడిద, ఆముదం ఏవీ రాయొద్దు.

తల్లికి పెద్ద ప్యాడ్లు ఇరవై, వెడల్పాటి స్టీలు బేసిను, సబ్బు, గ్లవ్స్ కొనండి. పాత చీరలు మడతలు పెట్టి వేస్తే నెత్తురు లోపలికి ఇంకిపోయి ఎంత పోయిందో తెలియదు, ప్యాడ్లయితే లెక్క తెలుస్తుంది. ఐదు నిమిషాల్లో ఒక ప్యాడు తడిసి ముద్దయితే వెంటనే బండెక్కించాలి. మాయ అరగంటలో పడకపోయినా అంతే, తాడు పట్టి లాగొద్దు. పడిన మాయను పాతిపెట్టే తొందర పెద్దవాళ్లకుంటుంది. నర్సమ్మ బేసినులో తిప్పి చూసి, ముక్క లోపల ఉండిపోలేదని చెప్పాకే బావికి దూరంగా లోతుగా పాతండి. నెత్తురు ఎక్కువ పోకుండా మింగే మిసోప్రోస్టాల్ ఇచ్చి ఉంటే 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు, బిడ్డ బయటికొచ్చి లోపల ఇంకో బిడ్డ లేదని తేలాకే మింగాలి. నొప్పులు ఎక్కువ కావాలని అవి ముందే వేసినా, ఆర్‌ఎంపీ చేత సూది వేయించినా గర్భసంచి చిట్లే ప్రమాదముంది. పొట్ట నొక్కడమూ వద్దు.

బండి సంగతి చివరికి వదలొద్దు. 102, 108తో పాటు ఊళ్లో ఇద్దరు డ్రైవర్ల నంబర్లు గోడమీద రాసి పెట్టండి. సరిహద్దులో ఫోను ఆంధ్రలోని పాతపట్నం వైపు టవరు పట్టుకుంటే అంబులెన్సు కోసం అటూ ఇటూ మాట్లాడేసరికి అరగంట పోవచ్చు, ఇంటి ముందు బొలెరో ఆ అరగంట మిగులుస్తుంది. రాత్రిపూట సిజేరియన్ చేసే ఆసుపత్రి ఏదో, వాగు పొంగితే ఏ దారో ముందే తేల్చుకోండి. తల్లి గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరితో మాట్లాడి ఉంచండి. ఫిట్స్ వచ్చినా, చేయో తాడో ముందు బయటపడినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉన్నా, గట్టి నొప్పులు 12 గంటలు దాటినా ఇంట్లో ఆగకూడదు.

బిడ్డకు గంటలోపు పాలు పట్టాలి, తేనె వద్దు. స్నానం 24 గంటలయ్యాకే. బరువు 2500 గ్రాముల లోపుంటే డాక్టరుకు చూపించాలి. హెపటైటిస్ బి టీకా 24 గంటల్లో పడాలి, పోలియో చుక్కలు, క్షయ రాకుండా వేసే బీసీజీ కూడా అప్పుడే అడగండి. ఇంటి పురుడుకు ఆశా దీదీ 1, 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. జనన నమోదు 21 రోజుల్లో చేయించాల్సింది ఇంటి పెద్దే, ఆసుపత్రి కాగితం ఉండదు కాబట్టి పుట్టిన తేదీ, వేళ, నర్సమ్మ పేరు కార్డుమీద ఆ రోజే రాయించుకోండి.